ఎర్రనీరు వస్తే ఈ పక్షులు ఎక్కడికి పోతాయి?

బడి వదిలిన తరువాత మా పిల్లలు కొందరు నాతోపాటు గోదావరి గట్టుకు నడిచి వస్తూ ఉంటారు. రాజమహేంద్రవరంలో ఉండి సాయంత్రం పూట గోదావరిని చూడకుండా ఇంటికి పోవడం నాకు చేతకాదు. ఒక జూలై సాయంత్రం పుష్కరాల రేవు మెట్లమీద నిలబడి ఉండగా ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు నదికేసి కాసేపు చూసి, "మాస్టారండీ, సంక్రాంతి సెలవుల్లో ఇక్కడ తెల్లపిట్టలు బోలెడు తిరిగేవి కదండీ. ఇప్పుడు ఒక్కటీ లేదేంటండీ?" అని అడిగాడు.

నాకు ఎంతో సంతోషం కలిగింది. ఎదురుగా ఎగిరే పక్షిని ఎవరైనా చూస్తారు. నిన్నటిదాకా ఉండి ఇవాళ లేని పక్షిని గమనించాడంటే వాడు నదిని రోజూ చూస్తున్నాడన్నమాట. ఆ రోజు నది నిండా ఎర్రనీరు. మేటలన్నీ మునిగిపోయాయి. వాడి ప్రశ్నకు జవాబు ఆ ఎర్రనీటిలోనే ఉంది. కాని అది అర్థం కావాలంటే ముందు ఆ పక్షి ఏదో, ఏడాది పొడుగునా అది ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

వాడు చెప్పిన తెల్లపిట్టలు కొంగలు కావు. వాటిని టెర్న్ పక్షులు అంటారు. సముద్ర తీరాలలో కనబడే గల్ పక్షులకు ఇవి దగ్గర చుట్టాలు, రెండూ ఒకే కుటుంబంలోనివి. పొడవుగా కోసుగా ఉన్న రెక్కలు, చీలిన తోక, సూదిలాంటి ముక్కు, మరీ పొట్టి కాళ్ళు, వీటి ఆనవాళ్ళు. గల్ పక్షికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. గల్ నీటిమీద బాతులా తేలుతూ కూర్చుంటుంది. టెర్న్ కాలివేళ్ళ మధ్య కూడా బాతుకున్నట్లే పొర ఉన్నా, అది నీటిమీద కూర్చోవడం చాలా అరుదు. గాలిలోనే తిరుగుతూ, అలసినప్పుడు ఇసుకమీదో, వల కట్టిన కర్రమీదో వాలుతుంది. మా ఊళ్ళో వీటికి మరో చోటుంది. 1900లో తెరిచి, 1997లో రైళ్ళు ఆపేసిన పాత హేవలాక్ వంతెన గోదావరిమీద ఇంకా నిలిచే ఉంది. దాని స్తంభాల అంచులు వీటికి మంచి విడిది.

టెర్న్‌లు అనగానే పక్షులను చదివినవాళ్ళకు ఉత్తర ధ్రువపు టెర్న్ గుర్తుకు వస్తుంది. గ్రీన్‌లాండ్‌లో గుడ్లుపెట్టి, అంటార్కిటికా దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చే పక్షి అది. ఒకటిన్నర గ్రాము కూడా లేని చిన్న పరికరాలను వాటి కాళ్ళకు కట్టి చూసిన శాస్త్రజ్ఞులు, అవి ఏడాదిలో సగటున 70 వేల కిలోమీటర్ల పైచిలుకు ఎగురుతున్నాయని 2010లో ప్రకటించారు. ఆ పక్షి మన గోదావరి మీదికి రాదు. మన టెర్న్‌ల ప్రయాణాలు అంత పెద్దవి కావు. కాని అవి ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు పోతాయి అన్న లెక్క మాత్రం తక్కువ తమాషా కాదు.

ఆ లెక్కను దసరా నుంచి మొదలుపెడదాం. వరదలు తగ్గి, నీరు ఎరుపు వదిలి బూడిద రంగుకు, ఆ పైన పచ్చరంగుకు తిరిగే రోజులవి. ముందుగా వచ్చేది మీసాల టెర్న్. బుగ్గమీద తెల్లటి చార ఉంటుంది కనుక దానికా పేరు. కాని మన దగ్గరకు వచ్చేటప్పటికి దాని మీసం సరిగా కనబడదు. నెత్తిమీది నల్లటోపీ కూడా సగం తెల్లబడి, కంటి వెనకనుంచి మెడదాకా ఒక నల్లని మరక మాత్రం మిగులుతుంది. పక్షి చిన్నది, బరువు నూరు గ్రాములలోపే. కాశ్మీరు సరస్సులలోను, ఉత్తర భారతదేశపు చెరువులలోను, మధ్య ఆసియాలోను నీటిమొక్కల మీద తేలే గూళ్ళు కట్టుకుని పిల్లలను పెంచి, చలికాలానికి ఇటు దిగుతుంది. మన నది దానికి పుట్టిల్లు కాదు, చలికాలపు విడిది మాత్రమే.

నీరు ఇంకా పూర్తిగా తేటపడకముందే ఇది ఎలా వస్తుంది? అది తినే తీరును చూస్తే తెలుస్తుంది. మీసాల టెర్న్ నీళ్ళలో మునగదు. నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తున, తల వంచుకుని, గాలికి ఎదురుగా మెల్లగా ఎగురుతుంది. కిందికి జారి ముక్కుతో పైపైనే ఒక పురుగునో, చిన్న చేపపిల్లనో ఏరుకుని మళ్ళీ పైకి లేస్తుంది. నదిలోనే కాక కాలువల మీద, నీరు నిలిచిన వరిచేల మీద కూడా ఇదే పని. నీటి అడుగు కనబడవలసిన అవసరం దానికి లేదు. అందుకే అది ముందు వస్తుంది.

నది టెర్న్ సంగతి వేరు. ఇది మీసాల టెర్న్ కంటే బాగా పెద్దది, ముక్కు కొసనుంచి తోక కొసదాకా 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తోక బాగా చీలి రెండు పొడవాటి ఈకలు వెనక్కు సాగి ఉంటాయి. కాళ్ళు ఎర్రగా, ముక్కు పసుపుపచ్చగా ఉంటాయి. ఇది మన దేశపు పక్షే, ఎక్కడికో వలసపోయేది కాదు. ఇది నీళ్ళలోకి దూకి చేపను పడుతుంది. దూకాలంటే చేప కనబడాలి, చేప కనబడాలంటే నీరు తేటగా ఉండాలి. కనుక ఇది కార్తీకమాసం నాటికి గాని రేవుల దగ్గర చెప్పుకోదగినంతగా కనబడదు.

ఈ దూకడం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. మీ ఫిజిక్స్ పుస్తకంలోని రెండు పాఠాలు ఇక్కడ కనిపిస్తాయి.

ఒకటి, స్వేచ్ఛగా పడే వస్తువు. నది టెర్న్ నీటికి 5 మీటర్ల ఎత్తునుంచి రెక్కలు ముడిచి రాయిలా పడిందనుకోండి. గాలి నిరోధాన్ని పక్కన పెడితే నీటిని చేరడానికి దానికి పట్టే కాలం దాదాపు ఒక సెకండు. అప్పటికి దాని వేగం సెకండుకు సుమారు 10 మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్లు. లెక్క మీరే వేసి చూడండి. చేపకు తప్పించుకోవడానికి దొరికేది ఆ ఒక్క సెకండు. ఇంకా ఎత్తునుంచి దూకితే వేగం పెరిగి లోతుకు పోగలదు, కాని చేపకు దొరికే సమయమూ పెరుగుతుంది. అందుకని పక్షి ఈ రెంటికీ మధ్య ఎక్కడో సర్దుకోవాలి.

రెండవది, కాంతి వక్రీభవనం. ఒక గిన్నెలో రూపాయి బిళ్ళ వేసి, అది గిన్నె అంచు చాటుకు పోయేదాకా వెనక్కు జరగండి. ఇప్పుడు మీ చెల్లెలినో తమ్ముడినో గిన్నెలో మెల్లగా నీళ్ళు పోయమనండి. మీరు కదలకుండానే బిళ్ళ మళ్ళీ కనబడుతుంది. అది నిజంగా పైకి లేవలేదు, లేచినట్లు కనబడుతోందంతే. నీటి వక్రీభవన గుణకం 4/3 కనుక 20 సెంటీమీటర్ల లోతున ఉన్న చేప నిలువుగా పైనుంచి చూస్తే 15 సెంటీమీటర్ల లోతులో ఉన్నట్లు కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఈ తేడా ఇంకా ఎక్కువ. గట్టుమీద నుంచి చేపను పొడిచేవాడు కనబడినచోట పొడిస్తే ఈటె చేపకు పైగా పోతుంది. ఇప్పుడు టెర్న్‌ను గమనించండి. అది చేపను చూడగానే ముందుకు పోవడం మానేసి, రెక్కలు గబగబా ఆడిస్తూ గాలిలో ఒకేచోట నిలబడుతుంది. తల నిట్టనిలువుగా కిందికి ఉంటుంది. సరిగ్గా చేప నెత్తిన నిలబడితే పక్కవాటు పొరపాటు ఉండదు, లోతులో మాత్రమే ఉంటుంది. కాస్త ఎక్కువ లోతుకు దూకితే సరిపోతుంది. ఈ పాఠాన్ని నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పిన రోజుకంటే రేవు మెట్లమీద నిలబడి చెప్పిన రోజున మా పిల్లలకు బాగా తలకెక్కింది. పరీక్షలో మాత్రం గిన్నె బొమ్మే గీయండి.

చలికాలంలో ఇంకో మూడు రకాలు కూడా చూడవచ్చు. చిన్న టెర్న్ పేరుకు తగ్గట్టు చిన్నదిగా, రెక్కలు మరీ జోరుగా ఆడిస్తూ ఉంటుంది. లావుముక్కు టెర్న్‌కు గల్ ముక్కులాంటి నల్లటి బలమైన ముక్కు. అది దూకడం తక్కువ, తడి ఇసుకమీద పీతలను, పొలాల మీద మిడతలను ఏరుకుంటుంది. కాస్పియన్ టెర్న్ ప్రపంచంలోని టెర్న్‌లన్నిటిలోకీ పెద్దది, క్యారెట్టంత ఎర్రముక్కు. దాన్ని చూడాలంటే నదిలో వెదికే కంటే కాకినాడ, కోరంగి వైపు బురదనేలలకు పోవడం మేలు.

జనవరి దాటాక నది టెర్న్‌లో మార్పు వస్తుంది. చలికాలంలో బూడిద చారలతో మాసినట్లున్న నెత్తి నిగనిగలాడే నల్లటోపీ అవుతుంది. ముక్కు కొసనున్న నలుపు పోయి ముక్కంతా పసుపుపచ్చగా మెరుస్తుంది. మగపక్షి చేపను పట్టి మింగకుండా, ముక్కున అడ్డంగా కరుచుకుని ఆడపక్షి ఎదుట వాలుతుంది. చేప ఇవ్వడమంటే వట్టి ముద్దు మురిపెం కాదు. గుడ్లుపెట్టే రోజులలో ఆడపక్షికి ఆహారం ఎక్కువ కావాలి. మగపక్షికి చేపలు పట్టడం ఎంతబాగా వచ్చో కూడా దీనివల్ల తెలిసిపోతుంది.

ఆ తరువాత అవి వెదికేది ఇల్లు. ఇల్లంటే చెట్టు కాదు, పొద కాదు, వట్టి ఇసుక. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా అది నదికి అడ్డంగా సాగుతుంది. మాఘమాసం వచ్చేసరికి నీరంతా డెల్టా కాలువలలోకి పోయి, బ్యారేజి దిగువన నది పాయలు పాయలుగా చీలి, మధ్య ఇసుకమేటలు బయటపడతాయి. మనిషి కాపురముండే లంకలు కావవి, ఏటేటా వరద తెచ్చి పోసి, మళ్ళీ తీసుకుపోయే మేటలు. ఫిబ్రవరి చివరినుంచి మే దాకా నది టెర్న్‌లు ఇలాంటి మేటలమీదే గుడ్లు పెడతాయి. ఇసుకలో పొట్టతో ఒత్తి చేసిన చిన్న గుంటే గూడు. అందులో సాధారణంగా మూడు గుడ్లు. బూడిద కలిసిన పసుపు, దానిమీద గోధుమ మచ్చలు. తెలియనివాడు తొక్కిగాని కనుక్కోలేడు.

ఇలా బయట పెట్టడం తెలివితక్కువ అనిపిస్తుంది. కాని మేట చుట్టూ నీరున్నంతకాలం నక్క రాలేదు, కుక్క రాలేదు, పశువు రాలేదు. బోడి ఇసుక కనుక వచ్చే శత్రువు దూరంనుంచే కనబడుతుంది. కోట చుట్టూ కందకంలాగా నీరే వాటికి కావలి. నీరు పెరిగి మేట మునిగితే గుడ్లు కొట్టుకుపోతాయి. నీరు మరీ తగ్గి మేట గట్టుకు అతుక్కుంటే కుక్కలు నడిచి వచ్చేస్తాయి. ఈ రెంటికీ మధ్యనున్న రెండు మూడు నెలలే వాటికి దక్కే కాలం.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. 2009 ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతి పిల్లలను కొందరిని పడవమీద ఒక మేటకు తీసుకుపోయాను. గూళ్ళు దగ్గరగా చూపిద్దామన్నది నా ఉత్సాహం. పొద్దున్నే బయలుదేరవలసింది, పిల్లలందరూ చేరేసరికి ఆలస్యమై, మేటమీద దిగేసరికి పదకొండయింది. దిగీ దిగగానే పక్షులన్నీ లేచి మా నెత్తిమీద అరుస్తూ తిరగడం మొదలుపెట్టాయి. ఒకటి రెండు మా తలలకు తగిలేటంత కిందికి దూకాయి. పిల్లలకు అదొక ఆట. నేను గుడ్డు రంగు, ఇసుక రంగు పోలుస్తూ పాఠం చెప్పడంలో మునిగిపోయాను. ప్రయోగశాల నుంచి తెచ్చిన థర్మామీటరును ఇసుకలో గుచ్చితే పాదరసం 50 డిగ్రీల సెల్సియస్ దాటిపోయింది. దాన్ని కూడా పిల్లలకు గర్వంగా చూపించాను. ఆ అంకెకు అర్థమేమిటో నాకు ఆ క్షణాన తట్టలేదు.

తట్టింది పడవ నడిపే ఆయనకు. "మాస్టారూ, ఎండెక్కిపోయిందండి. మనం ఇక్కడుండగా అయ్యి దిగవండి. గుడ్లు ఉడికిపోతాయండి, పిల్లల్ని పిలిచేయండి" అన్నాడు.

గుడ్డులో పిండం పెరగడానికి 37, 38 డిగ్రీల వేడి కావాలి. అంతకు నాలుగైదు డిగ్రీలు పెరిగి కాసేపలాగే ఉంటే పిండం చనిపోతుంది. మన ఎండాకాలంలో తల్లిపక్షి గుడ్లమీద కూర్చునేది వేడి ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. మధ్యాహ్నం వేళ అది నీటిమీద పొట్ట తగిలేలా జారి, ఈకలు తడుపుకుని, ఆ తడితో వచ్చి గుడ్లమీద కూర్చుంటుంది. ఆడ, మగ వంతులు వేసుకుని ఈ పని చేస్తాయి. మేము మేటమీద నిలబడిన ప్రతి నిమిషమూ ఆ నీడ లేదు, ఆ తడి లేదు.

గబగబా పడవెక్కాము. మేము కదిలేలోగానే రెండు కాకులు వచ్చి వాలాయి. పక్షులు వాటిని తరిమాయి కాని ఒక కాకి ఒక గుడ్డును పొడిచి ఎత్తుకుపోవడం పిల్లలందరూ చూశారు. అంతదాకా కేకలు వేసినవాళ్ళు మాట్లాడలేదు. ఒడ్డు చేరబోతుండగా ఒక అమ్మాయి, "మనం వెళ్ళబట్టేనాండీ?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. మరేం చెప్పను?

మరుసటి వారం పొద్దున్న ఆరు గంటలకు, మేటకు దూరంగా పడవ ఆపించి, దిగకుండా చూశాము. కొన్ని గూళ్ళమీద పక్షులు కూర్చునే ఉన్నాయి. మేము నిలబడిన వైపున రెండు గూళ్ళమీద ఏమీ లేవు. అప్పటినుంచి ఫిబ్రవరి, జూన్ నెలల మధ్య నేను ఏ ఇసుకమేట మీదా కాలు పెట్టలేదు, పిల్లలను పెట్టనివ్వలేదు. గట్టుమీద నుంచి చూసినా కనబడేది చాలానే ఉంది.

మూడు వారాలకు అటూ ఇటూగా గుడ్లు పగులుతాయి. పిల్లలు కూడా ఇసుక రంగే. ప్రమాదమనిపిస్తే పరుగెత్తకుండా ఇసుకకు కరుచుకుని పడుకుంటాయి. తల్లిదండ్రులు పట్టి తెచ్చే చేపల సైజు పిల్లలు పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఆ దిగువ పాయలలో అప్పటికి నీరు గుంటలు గుంటలుగా మిగిలి, చేపలు అందులో చిక్కుకుని ఉంటాయి కనుక వేట సులువు. మే నెలలో పడే ఎండ మనకు శత్రువేగాని, నీరు తగ్గించి చేపను ఒకచోటికి చేర్చి పెట్టేదీ ఆ ఎండే. పుట్టిన నాలుగు వారాలకు కాస్త అటూ ఇటూగా పిల్లలు రెక్కలు విప్పుతాయి. ఏప్రిల్ మొదట్లో పెట్టిన గుడ్లయితే మే నెలాఖరుకు పిల్లలు ఎగురుతాయి. మొదటి గుడ్లు పోయి, మేలో మళ్ళీ పెట్టిన జంటలకు మాత్రం సమయం చాలదు. జూన్ చివర ఎగువన వాన పడితే చాలు.

ఈలోగా మీసాల టెర్న్ వెళ్ళిపోతుంది. వెళ్ళేముందు అది వేషం మారుస్తుంది. ఏప్రిల్ చివర చూస్తే దాని పొట్ట ముదురు బూడిద రంగుకు తిరిగి, టోపీ నల్లబడి, ముక్కు ముదురెరుపై, ఆ మధ్యన తెల్లటి మీసం స్పష్టంగా కనబడుతుంది. దీనిని చూసి నేనొకసారి పెద్ద పొరపాటు పడ్డాను. నల్లపొట్ట టెర్న్ దొరికిందని ఎగిరి గంతేశాను. నల్లపొట్ట టెర్న్ కూడా మన నదుల పక్షే. ముక్కు నారింజ రంగు, తోక లోతుగా చీలి ఉంటుంది, గుడ్లుపెట్టే కాలంలో పొట్ట నల్లగా ఉంటుంది. అదీ నది ఇసుకమీదే గుడ్లు పెడుతుంది. ఒకప్పుడు భారతదేశపు నదులలో చాలాచోట్ల కనబడిన పక్షి. ఇప్పుడు ప్రపంచంలో అంతరించే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాటిలో అది చేరింది. మయన్మారుకు తూర్పున ఉన్న దేశాలలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నేను చూసినదానికి తోక పొట్టిగా, కొద్దిగా మాత్రమే నొక్కుతో ఉంది. ఇంటికి వచ్చి పుస్తకం తిరగేస్తే నా పక్షి మీసాల టెర్నే అని తేలింది. మీరెవరైనా మీ ఊరి నదిమీద నల్లపొట్ట టెర్న్ చూశామనుకుంటే ముందు తోక చూడండి.

ఆఖరుకు ఆ కుర్రవాడి ప్రశ్నకు వచ్చాం. జూన్ చివర, జూలై మొదట్లో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల పరీవాహకంలో వానలు పడి గోదావరికి ఎర్రనీరు వస్తుంది. పులస చేప కోసం జాలరులు ఎదురుచూసే రోజులివి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన వరదలో సెకండుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు ఆనకట్ట దాటింది. నేనప్పుడు మీ వయసువాడినే. గట్టుమీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డు లేదు. అలాంటి నీటిలో టెర్న్‌కు నిలబడడానికి ఇసుక లేదు, చూడడానికి చేప లేదు. బురద కలిసిన నీటిలో వెలుతురు కొద్ది సెంటీమీటర్ల లోతు కూడా పోదు. చేపలు ఉన్నా టెర్న్‌కు లేనట్లే. అందుకని నది టెర్న్‌లు నదిని వదిలి చెరువులకు, మడుగులకు, నీరు నిలకడగా ఉండే జలాశయాలకు చెదిరిపోతాయి. ఎక్కడో దేశాంతరం పోలేదు, మన చుట్టుపక్కలనే ఉన్నాయి. మీసాల టెర్న్‌లు నిజంగానే ఉత్తరాదికి పోయాయి. రేవు దగ్గర రెండూ లేవు, కారణాలు మాత్రం వేరువేరు.

వరద ఏటా వస్తుంది, దానికి ఈ పక్షులు లక్షల ఏళ్ళుగా అలవాటుపడినవే. వరద లేకపోతే కొత్త ఇసుకే లేదు. పాత మేటమీద గడ్డి, తుంగ, ఆ పైన తుమ్మ మొలుస్తాయి, అప్పుడది టెర్న్‌కు పనికిరాదు. వాటికి అలవాటులేనివి వేరే ఉన్నాయి. గుడ్లున్న ఏప్రిల్‌లో మేటమీదికి ఇసుక కోసం వచ్చే ట్రాక్టరు. ఊళ్ళో చెత్త తిని బలిసి, నీరు తగ్గగానే గుంపుగా నడిచివచ్చే కుక్కలు. చెత్తకుప్పలు పెరిగినకొద్దీ పెరిగే కాకులు. ఎగువ జలాశయంలో ఒక గేటు ఎత్తితే ఎండాకాలంలో, వాన లేకుండా, రాత్రికి రాత్రి పెరిగే అడుగున్నర నీరు. పక్షికి మబ్బు కనబడితే తెలుస్తుంది గాని గేటు సంగతి ఎలా తెలుస్తుంది? నది టెర్న్‌ను కూడా ఇప్పుడు ప్రపంచంలో ముప్పు ఎదుర్కొంటున్న పక్షుల జాబితాలో చేర్చారు. మన నాన్నల కాలంలో అటువంటి మాట ఎవరైనా అంటే నవ్వేవారు.

చేయగలిగింది ఏమీ లేదని కాదు. చంబల్ నదిమీద టెర్న్‌లకు దగ్గరి చుట్టమైన స్కిమ్మర్ పక్షి గుడ్లుపెట్టే మేటలకు నదీతీర గ్రామాలవారినే కాపలా పెట్టారు. కుక్కలను, పశువులను రెండు మూడు నెలలపాటు ఆవల ఉంచడమే వాళ్ళ పని. కర్ణాటకలో భద్రా జలాశయం మధ్యనున్న దిబ్బలమీద నది టెర్న్‌లు పెద్ద సంఖ్యలో గుడ్లు పెడతాయి. అక్కడ చుట్టూ నీరుండడమే వాటికి పెద్ద రక్ష.

మీ ఊళ్ళో నదిగాని, పెద్ద చెరువుగాని ఉంటే మీరూ ఒక నోటుపుస్తకం పెట్టుకోవచ్చు. దుర్భిణీ లేకపోయినా ఫరవాలేదు. వారానికొకసారి, ఒకే చోట నిలబడి, ఒకే వేళకు అరగంటసేపు చూడండి. తేదీ, నీటి రంగు, ఇసుక కనబడుతోందా లేదా, పక్షి దూకుతోందా పైపైన ఏరుకుంటోందా, ముక్కు ఏ రంగు, ఇవి రాయండి. పక్షి పేరు తెలియకపోతే ఖాళీ వదిలేయండి, తరువాత నింపుకోవచ్చు. ఏమీ కనబడని రోజున 'సున్నా' అని తప్పకుండా రాయండి. మావాళ్ళు మొదట్లో ఆ రోజుల పేజీ ఖాళీగా వదిలేసేవారు. ఆర్నెల్ల తరువాత చూస్తే పక్షి రాలేదో, వీళ్ళే రేవుకు పోలేదో తెలియక గొడవపడ్డారు.

ఆ ఎనిమిదో తరగతి కుర్రవాడు జూలైనుంచి వరుసగా సున్నాలు రాశాడు. ఆగస్టులో రెండు వారాలు వరదవల్ల రేవు మెట్లే మునిగిపోతే పైన రోడ్డుమీద నిలబడి రాశాడు. దసరా సెలవులలో ఒక రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చి తలుపు కొట్టాడు. పుస్తకంలో ఆ పూట లెక్క మూడు. పక్కన "చిన్నవి, దూకడం లేదు, తోక పొట్టి, నీళ్ళు ఇంకా బూడిదరంగే" అని రాసి ఉంది. పేరు రాయవలసినచోట ఖాళీ వదిలాడు. ఇద్దరం చొక్కాలు వేసుకుని రేవుకు బయలుదేరాము.